గోల్‌లైనుకు ముగ్గు

మామిడి చెట్టు మొదలుకు సున్నం పట్టించడానికి ఒక పద్ధతి ఉంది. నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా పాత బెరడు గోకాలి. జిగురు కారిన చోట కత్తిమొనతో శుభ్రం చేయాలి. తర్వాత సున్నంలో మైలుతుత్తం కలిపి, కుంచెతో కింది నుంచి పైకి పూయాలి. పై నుంచి కిందికి పూస్తే పగుళ్లలోకి మందు వెళ్లదు, పురుగు లోపలే మిగిలిపోతుంది. ఆగిరిపల్లి, రెడ్డిగూడెం తోటల్లో ఈ పని ముప్ఫై ఏళ్లుగా చేస్తున్నవాడు ఆరోగ్యం. అతను పూసిన చెట్టును రోడ్డు మీద నుంచే గుర్తుపట్టవచ్చు. తెల్లపట్టీ పై అంచు దారం పట్టి గీసినట్టు ఉంటుంది.

మా ఫుట్‌బాల్ క్లబ్బు గ్రౌండుకు గీతలు వేసేది కూడా అతనే. ఊళ్లో సున్నం ఆరోగ్యం అంటారు. యాభై నాలుగేళ్ల మనిషి, పొట్టి, గట్టి ఒళ్లు. ఎడమ కన్ను లేదు. ఎలా పోయిందని ఎవరైనా అడిగితే "పనిలో పోయింది" అని ఊరుకుంటాడు. తోటలో మందు కొట్టేటప్పుడు పోయిందని కొందరు, మామిడి సొన చింది పోయిందని కొందరు అనుకునేవారు. అతను ఎవరినీ సరిదిద్దలేదు.

మా గ్రౌండు ఒకప్పుడు రసాల తోట. తొంభై తుఫానులో మూడెకరాల చెట్లు ఒక్క రాత్రిలో వేళ్లతో సహా పడిపోయాయి. తోట యజమాని మళ్లీ మొక్కలు నాటలేదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా అక్కడ కాయలు రాశులు పోసి, ఏరి, లారీలకు ఎత్తుతారు. మిగతా తొమ్మిది నెలలు ఖాళీ. బడిలో డ్రిల్లు చెప్పే మార్టిన్ మాస్టారు ఆయనతో మాట్లాడి, ఆ తొమ్మిది నెలలు ఆడుకోవడానికి ఒప్పించారు. ఆరోగ్యం, అతని స్నేహితుడు గంగరాజు, ఇంకో పదిమంది కుర్రాళ్లు మొద్దులు తవ్వి తీశారు, గుంటలు పూడ్చారు. సరివి కర్రలు పాతి గోల్ పోస్టులు చేశారు. మార్చి ఆఖరుకు కర్రలు పీకి చావిట్లో పెట్టడం, జూలై మొదటి ఆదివారం మళ్లీ పాతడం అప్పటి నుంచి వస్తున్న అలవాటు. క్లబ్బుకు మాస్టారు యంగ్ ఆర్చర్డ్స్ అని పేరు పెట్టారు. జనం మాత్రం తోట క్లబ్బు అనే అంటారు.

గంగరాజు ముందు వరసలో ఆడేవాడు. ఆరోగ్యం గోల్‌కీపరు. తొంభై నాలుగులో రెడ్డిగూడెం వాళ్లతో ఫైనల్ వచ్చింది. ముఖ్య అతిథి ఒక రోజు ముందే వస్తున్నాడని కబురు రావడంతో హడావుడి మొదలైంది. పొద్దున తెచ్చిన సున్నపురాయిని మధ్యాహ్నం నీళ్లలో వేశారు. అది కుతకుత ఉడుకుతుండగానే తీసి గీతలు పోశారు. ఆటలో ఆరోగ్యం ఒక బంతిని పట్టుకోవడానికి గోల్‌లైను మీద బోర్లా పడ్డాడు. బంతి చిక్కింది. లేచేసరికి ఎడమ కన్ను నిప్పు పెట్టినట్టయింది. పరుగున వచ్చిన గంగరాజు చల్లగా ఉంటుందని కంట్లో ఆముదం పోశాడు. పైన తడిగుడ్డ కట్టారు. ఆట అయ్యాక, కప్పు తీసుకున్నాక, పొద్దు వాలాక నూజివీడు బస్సెక్కించారు. అక్కడి నుంచి మర్నాడు విజయవాడ. అక్కడి డాక్టరు గుడ్డ విప్పి చూసి ఒక్క మాటే అన్నాడట: "నీళ్లు పోసుంటే సరిపోయేదయ్యా. గంటసేపు ఉత్త నీళ్లు."

ఈ సంగతి తెలిసినవాళ్లు ఇప్పుడు ముగ్గురే. మార్టిన్ మాస్టారు పోయారు, అప్పటి జట్టులో మిగతావాళ్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. గంగరాజు నోరు విప్పడు, ఆముదం పోసింది తనే కాబట్టి. ఆరోగ్యం భార్య సుసన్నా ఎవరికీ చెప్పదు, అతను చెప్పొద్దన్నాడు కాబట్టి.

చెప్పకపోయినా పని మార్చాడు. ఇంటి వెనక రేకుల కింద సున్నం గుంట తవ్వాడు. ఉడికిన సున్నాన్ని అందులో ఆరు నెలలు నాననిచ్చి గానీ గ్రౌండుకు తెచ్చేవాడు కాదు. ఆటకు రెండు రోజుల ముందే గీతలు వేసి ఎండకు వదిలేసేవాడు. రెండు గోల్ పోస్టుల ముందూ, గోల్‌లైను మీదా మాత్రం ఒక్క చుక్క సున్నం పడనిచ్చేవాడు కాదు. అక్కడ ముగ్గురాయి పొడి పోసేవాడు. ముగ్గు సున్నమంత తెల్లగా ఉండదు. అందుకని మా గ్రౌండు చుట్టూ తెల్లగా, గోల్ పోస్టుల దగ్గర కాస్త మాసినట్టు కనిపించేది. చిన్నప్పటి నుంచి అలాగే చూశాం కనుక ఎందుకని ఎవరమూ అడగలేదు.

తర్వాత క్లబ్బు చిక్కిపోయింది. కుర్రాళ్లు చదువులకూ పనులకూ వెళ్లారు. మిగిలినవాళ్లకు క్రికెట్ పట్టుకుంది. నాలుగేళ్లు ఒక్క మ్యాచ్ కూడా లేదు. ఆ నాలుగేళ్లూ జూలై మొదటి ఆదివారం ఆరోగ్యం ఒక్కడే వచ్చి కర్రలు పాతి, తాడు లాగి, గీతలు పోసి వెళ్లాడు. గేదెలు తొక్కేవి.

మళ్లీ ఊపు తెచ్చినవాడు కిషోర్ బాబు. తోటలు కౌలుకు పట్టి కాయ ఎగుమతి చేస్తాడు, ముప్ఫై అయిదేళ్లు, ఫోను కింద పెట్టడు. సరివి కర్రల బదులు ఇనుప పోస్టులు చేయించాడు. మూడేళ్ల కిందట ఆడపిల్లల జట్టు మొదలుపెట్టాడు. ప్యాకింగ్ షెడ్డులో కాయ ఏరే అమ్మాయిలు, డిగ్రీ చదివే అమ్మాయిలు కలిసి పదహారు మంది. గోల్‌కీపరు గంగరాజు కూతురు అనూష. ఆమెకు పడటం నేర్పింది ఆరోగ్యమే. ఇసుక కుప్ప మీద ఏడాది పాటు, రోజూ వంద సార్లు.

"ముందు భుజం, తర్వాత నడుము. మొహం ఎప్పుడూ నేలకు ఇవ్వకు," అనేవాడు.

"నువ్వు ఇచ్చేవాడివంట గదా బాబాయ్? మా నాన్న చెప్పాడు, బోర్లా పడేవాడివని," అనేది ఆమె.

"అందుకే చెప్తున్నా."

పోయినేడు హనుమాన్ జంక్షన్‌లో జరిగిన పోటీల్లో ఈ పిల్లలు కప్పు తెచ్చారు. ఈ ఏడు జిల్లా సంఘంలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టాం. సంఘం వాళ్లు ఒక షరతు పెట్టారు. సొంత గ్రౌండులో ఒక మ్యాచ్ నడిపి చూపించాలి, పరిశీలకుడు వచ్చి చూస్తాడు. బాగుంటే సభ్యత్వం, దాంతో పిల్లలకు జిల్లా సెలక్షన్లకు వెళ్లే వీలు. లేదంటే మళ్లీ ఏడాది ఆగాలి. అనూషకు ఇరవై రెండు నిండుతున్నాయి. వచ్చే ఏడాదికి పెళ్లి చేస్తానని గంగరాజు అప్పటికే అంటున్నాడు. సెప్టెంబరు రెండో శనివారం, హనుమాన్ జంక్షన్ జట్టుతో ఆట ఖాయమైంది.

ఆ వారమంతా వాన. సోమవారం వేసిన గీతలు మంగళవారానికి లేవు. బుధవారం మళ్లీ వేశాడు, సాయంత్రానికి అవీ పోయాయి. ఆ రాత్రి కాలవ పొంగి, మురుగు సున్నం గుంటలో నిండింది. పొద్దున ఆరోగ్యం గుంట దగ్గర గొంతుక్కూర్చుని కర్రతో కలిపి చూశాడు. ఆరు నెలల సున్నం నల్లబురదయింది. కొత్త రాయి తెచ్చి ఉడికించే వ్యవధి లేదు.

"ఈసారి మొత్తం ముగ్గే," అన్నాడు గురువారం, గ్రౌండులో అందరూ ఉండగా.

కిషోర్ బాబు జేబులోంచి ఒక క్యారీబ్యాగు తీశాడు. అందులో పిడికెడు తెల్లపిండి ఉంది. "ఇది చూడు బాబాయ్, పాలు ఒలకబోసినట్టుంది. మూసేసిన గోడౌన్ వెనక ఆరు బస్తాలు పడున్నాయి."

మామిడి కాయ కార్బైడుతో మాగబెట్టిన రోజుల్లోని గోడౌన్ అది. కాయల మధ్య పొట్లాలు కట్టి పెట్టేవారు. గాలిలో చెమ్మ తగిలి కార్బైడు కరిగిపోగా పొట్లంలో తెల్లపిండి మిగులుతుంది. నిషేధం గట్టిగా అమలయ్యాక గోడౌన్ మూశారు. పిండి బస్తాల్లోనే ఉండిపోయింది.

ఆరోగ్యం చిటికెడు తీసుకుని మంచినీళ్ల గ్లాసులో వేశాడు. పిండి అడుక్కి దిగింది. నీళ్లు కుదుటపడ్డాక అడుగు నుంచి ఒక బుడగ లేచింది. తర్వాత ఇంకొకటి. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నీళ్లు పారబోశాడు. వెల్లుల్లి కుళ్లినట్టు వాసన. కోతుల్ని తోలడానికి తోటల్లో కార్బైడు వేసి పైపు తుపాకులు పేల్చినప్పుడు వచ్చే వాసనే.

"ఇది వద్దు," అన్నాడు.

"ఎందుకొద్దు? కార్బైడు చచ్చాక మిగిలేది సున్నమే గదా?"

"సున్నమే. ఇది చావలేదు."

"నాలుగేళ్ల కిందటిది బాబాయ్!"

"వద్దన్నాగా. ముగ్గు తెస్తా."

"ముగ్గు కెమెరాలో ఆనదు. బూడిద గీసినట్టుంటది. పైనుంచి డ్రోన్‌తో తీసి సంఘం వాళ్లకి పంపాలి."

"ఆనకపోతే దగ్గరికొచ్చి చూసుకోమను."

జట్టుకు కోచింగ్ ఇచ్చే రాజేష్ నవ్వాడు. "ముగ్గేసి మధ్యలో గొబ్బెమ్మలు కూడా పెడదాం బాబాయ్. నువ్వు పాడు, మేం చుట్టూ తిరుగుతాం."

అందరూ నవ్వారు. ఆరోగ్యం కూడా కొంచెం నవ్వాడు. అప్పుడు చెప్పి ఉండాల్సింది. నా కన్ను ఇలా పోయింది, గోల్ ముందు అందుకే ముగ్గు పోస్తున్నా, అని రెండు ముక్కలు చెబితే చాలు. పని చూపిస్తే మాట అక్కర్లేదని నమ్మిన మనిషి. గ్లాసులో బుడగ అందరూ చూశారు కదా, అదే చాలనుకున్నాడు. మేం బుడగను చూశాం గానీ అందులో ఏముందో మాకు తెలియదు.

శుక్రవారం మధ్యాహ్నం నూజివీడు అవతల ముగ్గురాయి మిల్లుకు వెళ్లాడు. అక్కడ కరెంటు లేదు. రాత్రికి వస్తుందన్నారు. బస్తాలు లేకుండా తిరిగి రావడం ఇష్టంలేక మిల్లు వసారాలోనే పడుకున్నాడు. తెల్లవారాక కరెంటు వచ్చి, పొడి పట్టించుకుని, ట్రాలీ ఆటోలో గ్రౌండుకు చేరేసరికి తొమ్మిది దాటింది.

గీతలు వేసి ఉన్నాయి.

వాన వెలిసిన ఎర్రమట్టి మీద అవి మెరిసిపోతున్నాయి. అంత తెల్లటి గీతలు మా గ్రౌండు మీద మేమెప్పుడూ చూడలేదు. రాజేష్, కిషోర్ బాబు, ఇంకో నలుగురు కలిసి శుక్రవారం సాయంత్రం వాన తెరిపివ్వగానే పోశారు. గోల్‌లైను కూడా అదే పిండి, రెండు వేళ్ల మందాన. మట్టిలో దిగిన చెమ్మకు రాత్రంతా గీతలు మెల్లగా ఉబ్బి, పొద్దున్నకు అంచులు పగిలి ఉన్నాయి.

ఆరోగ్యం తూర్పు గోల్ దగ్గర వంగి చూశాడు. తెలుపులో అక్కడక్కడా బూడిద రంగు పలుకులు, కందిబేడలంత. గీత పొడుగునా ఎర్రచీమలు చచ్చి పడి ఉన్నాయి. వానకు పైకి వచ్చిన ఎర్రలు గీత దాకా పాకి, దాటకుండా అక్కడే మెలితిరిగి ఎండిపోయాయి. ఒక పలుకును కర్రపుల్లతో తీసి, తడి ఆకు మీద పెట్టాడు. అది చిటపటమంటూ కదిలింది. ఆకు ఆ చోట నల్లబడింది.

"కిషోరూ," అని పిలిచాడు. "గోల్ పోస్టుల ముందు తీసేద్దాం. మిగతా అంతా ఉంచుకో. ఆ రెండు చోట్లా తీసేద్దాం."

"ఫొటోలు పంపేశాం బాబాయ్. బాగుందని రిప్లై కూడా వచ్చింది."

"కళ్లు పోతాయిరా."

"ఎవరి కళ్లు?"

"కీపరు కళ్లు. నా కన్ను ఇట్టాగే పోయింది. మన గ్రౌండు మీదే, సున్నంలో పడి."

ముప్ఫై ఒక్క ఏళ్ల తర్వాత ఆ మాట మొదటిసారి బయటికి వచ్చింది. కిషోర్ బాబు అతని మొహంలోకి చూశాడు. నమ్మాలా వద్దా తేల్చుకోలేనట్టు ఒక క్షణం నిలబడ్డాడు. తర్వాత వంగి, గీత పైన ఎండిన పొర నుంచి చిటికెడు తీసి అరచేతిలో రుద్దుకున్నాడు.

"చూడు. ఏమైంది? ఏం కాలేదు. ఎండిపోయింది బాబాయ్. నువ్వు ముగ్గు తెచ్చావు, వేసే పని లేకపోయింది, దానికి బాధపడుతున్నావు. అంతే."

"వాన పడితే?"

"పడదు. ఫోన్లో చూశా. ఆరు దాకా పడదు."

దక్షిణాన, తోటల పైన, ఆకాశం సీసం రంగులో ఉంది.

మధ్యాహ్నం పన్నెండున్నరకు అందరూ బడి వరండాలోకి భోజనాలకు వెళ్లారు. పరిశీలకుడు రెండు గంటలకు రావాలి. ఆట మూడున్నరకు. ఆరోగ్యం భోజనానికి వెళ్లలేదు. పార, తట్ట తీసుకుని ఒక్కడే గ్రౌండులోకి దిగాడు.

రెండు గోల్ పోస్టులు, ఒక మనిషి. ఏ గోల్ ముందు అనేది ఆలోచించాడు. ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. మా గ్రౌండులో మార్టిన్ మాస్టారు పెట్టిన మర్యాద ఒకటి ఉంది. బయట నుంచి వచ్చిన జట్టుకు మొదటి సగం పడమటి గోల్ ఇస్తాం, ఆట మొదట్లోనే ఎండ వాళ్ల కళ్లలో పడకూడదని. టాస్ ఎవరు గెలిచినా అదే. అంటే మొదటి సగం అనూష తూర్పు గోల్‌లో ఉంటుంది.

తూర్పు గోల్ ముందు తవ్వడం మొదలుపెట్టాడు. నాలుగు వేళ్ల లోతున మట్టితో సహా పిండి ఎత్తి, తట్టలో మోసి, గట్టు అవతల గుంటలో పోశాడు. పొడిమట్టి తెచ్చి పరిచి, కాళ్లతో తొక్కి, పలకతో చదును చేశాడు. తాడు లాగి ముగ్గు పోశాడు. తొందరలో కూడా గీత వంకర పోలేదు. అయ్యేసరికి ఒంటిగంటా పది నిమిషాలు.

పార భుజాన వేసుకుని పడమటి గోల్ వైపు సగం దూరం నడిచాడు. అప్పుడే గేటులోకి జీపు వచ్చింది. పరిశీలకుడు కృష్ణకాంత్ గారు యాభై నిమిషాలు ముందే వచ్చారు.

కిషోర్ బాబు వరండాలోంచి చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తుకొచ్చి పార పట్టుకున్నాడు. "బాబాయ్, నీకు దణ్ణం పెడతా. ఆయన ముందు గ్రౌండు తవ్వకు. పిల్లల మొహం చూడు."

"ఆ ఒక్కటే మిగిలింది. అరగంట."

"హాఫ్‌టైములో చేసుకో. నేనూ పార పట్టుకొస్తా, ఇద్దరం పావుగంటలో తీసేద్దాం. ఒట్టు."

కృష్ణకాంత్ గారు పదిగజాల దూరంలో నిలబడి చుట్టూ చూస్తున్నారు. నెరిసిన జుట్టు, మెడలో విజిల్, చేతిలో కాగితాల అట్ట. "గీతలు బ్రహ్మాండంగా ఉన్నాయే! ఎవరు వేశారండీ?" అని అడిగారు.

కిషోర్ బాబు ఆరోగ్యాన్ని చూపించాడు. "ఈయనేనండి. ముప్ఫై ఏళ్లుగా ఈయనే."

ఒక్క మాట చెబితే ఆయన ఆట ఆపేసేవారు. అది ఆరోగ్యానికి తెలుసు. ఆట ఆగితే సభ్యత్వం పోతుంది, అనూషకు ఈ ఏడు సెలక్షన్లు పోతాయి. అనూష గోల్ బాగయింది. హాఫ్‌టైముకు రెండోదీ బాగవుతుంది. ఆరోగ్యం చేతులు జోడించి నమస్కారం పెట్టాడు.

ఆట మొదలయ్యేలోగా చేతిపంపు దగ్గరికి వెళ్లి నాలుగు ఇరవై లీటర్ల టిన్నులు నింపాడు. ఒక్కొక్కటే మోసుకుంటూ వెళ్లి పడమటి గోల్ వెనక వరసగా పెట్టి, పక్కన కూర్చున్నాడు. మావాళ్లు గట్టు మీద నుంచి అరిచారు. "ఏం బాబాయ్, జంక్షన్ పార్టీలో చేరావా? వాళ్లకి నీళ్లు మోస్తున్నావు!"

జంక్షన్ కీపరు పేరు కల్యాణి. పందొమ్మిదేళ్ల అమ్మాయి, పొడుగ్గా, సన్నగా ఉంది. చేతి తొడుగులు పెద్దవైతే మణికట్టు దగ్గర రబ్బరుబ్యాండు వేసుకుంది. ఆరోగ్యం లేచి వల దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, కింద పడ్డావంటే కళ్లు మూసుకో."

ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసి నవ్వింది. "కళ్లు మూసుకుంటే బంతి ఎట్టా కనపడుద్దండీ?"

"ఆ గీత మీద పడకు."

"మీరు మీ జట్టు వాళ్లకి చెప్పండి, ఇటు కొట్టొద్దని."

అతను తిరిగి వచ్చి టిన్నుల పక్కన కూర్చున్నాడు.

పదిహేను నిమిషాల దాకా ఆట మధ్యలోనే తిరిగింది. పద్దెనిమిదో నిమిషంలో గాలి ఆగిపోయింది. మామిడి ఆకులు ఒక్కటీ కదల్లేదు. తర్వాత చినుకులు మొదలయ్యాయి. పెద్ద వాన కాదు, నేల తడిసేంతే. గోల్‌లైను వెంబడి సన్నటి సిస్ శబ్దం లేచింది. దగ్గరగా ఉన్నవాళ్లకు తప్ప వినపడదు. వెనకే వెల్లుల్లి కుళ్లిన వాసన వచ్చింది. కల్యాణి ముక్కు చిట్లించి అటూ ఇటూ చూసింది. ఆరోగ్యం లేచి నిలబడ్డాడు. హాఫ్‌టైముకు ఇంకా ఇరవై ఏడు నిమిషాలుంది.

మా కిషోర్ బాబు కూడా ఆ వాసన పట్టాడని తర్వాత చెప్పాడు. గట్టు దిగి రెండడుగులు వేశానని, అప్పటికి మావాళ్లు ఎదురుదాడిలో ఉండటంతో ఆగిపోయానని చెప్పాడు.

మా భవాని కుడివైపు నుంచి దూసుకొచ్చి నేలబారుగా కొట్టింది. బంతి దూరపు పోస్టు వైపు వెళ్లింది. కల్యాణి పూర్తిగా చాచుకుని పడింది. చెయ్యి అందింది, బంతి బయటికి పోయింది. జంక్షన్ పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆమె మోచేతుల మీద లేచింది. మొహంలో సగం తెల్లగా ఉంది. ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత తొడుగు వేసుకున్న చెయ్యి కంటి దగ్గరికి వెళ్లింది.

"రుద్దొద్దు!" అంటూ ఆరోగ్యం వల కిందుగా దూరి వచ్చాడు. ఆమె రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో మొహం మీద పిండి, పలుకులు దులిపాడు. తల పక్కకు వంచి, రెప్పలు వేళ్లతో విప్పి, టిన్నెత్తి నీళ్లు పోయడం మొదలుపెట్టాడు. ఆమె కేకలు గేటు దాకా వినిపించాయి. జంక్షన్ కోచ్ అతన్ని లాగేయబోయాడు. గంగరాజు అడ్డం వచ్చి ఆ కోచ్‌ను పట్టుకున్నాడు. ఎవరో కొబ్బరినూనె సీసా తెచ్చారు. గంగరాజే దాన్ని లాక్కుని గట్టు అవతల విసిరేశాడు. "నీళ్లే! ఆపకు, పొయ్యరా!" అన్నాడు. ఆ ముసలి మొహం అప్పుడు చూడలేకపోయాం.

నాలుగు టిన్నులూ అయిపోతే పంపు నుంచి బిందెలు అందించాం. నూట ఎనిమిది అంబులెన్సు వచ్చేదాకా యాభై నిమిషాలు ఆరోగ్యం చెయ్యి ఆగలేదు. బండి ఎక్కాక కూడా, నర్సు చేతికి ఇచ్చేదాకా, సీసాతో పోస్తూనే వెళ్లాడు.

ఆట ఆగిపోయింది. కృష్ణకాంత్ గారు గోల్‌లైను దగ్గర కూర్చుని, చేతిరుమాలులో ఒక బూడిద పలుకు తీసి మూట కట్టుకున్నారు. తూర్పు గోల్ దగ్గరికి కూడా వెళ్లి చూశారు. అక్కడ ముగ్గు ఉంది. ఆయన అటు చూశారు, ఇటు చూశారు. కాగితాలు జీపులో పెట్టుకుని వెళ్లిపోయారు.

క్లబ్బు దరఖాస్తు పక్కన పెట్టారు. ఎంతకాలమో రాయలేదు. కిషోర్ బాబు ఆసుపత్రికి వెళ్లి, తప్పు నాదని రాసిచ్చి వచ్చాడు. అప్పటి నుంచి ఫోను తీయడు. అనూష ఆ వారం ప్రాక్టీసుకు రాలేదు. వచ్చిన రోజు ఆరోగ్యం ఇంటి ముందు స్కూటీ ఆపి, దిగకుండానే అడిగింది.

"నా గోల్ ఒక్కటే ఎందుకు చేశావు బాబాయ్?"

"హాఫ్‌టైములో రెండోది చేద్దామనుకున్నా."

"ఆమె కూడా కీపరే గదా."

స్కూటీ వెళ్లిపోయింది.

కల్యాణికి కుడికన్ను బాగానే ఉంది. ఎడమకన్ను మీద పొర తెల్లబడింది. నీళ్లు పోయడం వల్ల ఈమాత్రమైనా మిగిలిందని, చూపు ఎంత వస్తుందో రెండు నెలలు పోతే గానీ చెప్పలేమని విజయవాడ డాక్టర్లు అన్నారు. మూడు వారాలకు ఇంటికి పంపించారు.

ఆ ఆదివారం పొద్దున చర్చిలో పూజ అయ్యాక ఆరోగ్యం హనుమాన్ జంక్షన్ బస్సెక్కాడు. సుసన్నా వస్తానంది, వద్దన్నాడు. హైవే పక్కన లారీలు ఆగే చోట, టిఫిన్ బండి వెనక సందులో కల్యాణి వాళ్ల ఇల్లు. ఆ బండి వాళ్ల అమ్మ భారతిదే. ఆమె పిండి రుబ్బిన చేతులతోనే వచ్చి తలుపు తీసింది. మనిషిని చూసి గుర్తుపట్టింది.

"నీళ్లు పోసింది మీరేగా? రండి, కూర్చోండి. మీరు లేకపోతే ఆ కన్ను ఉండేదే కాదన్నారు డాక్టరు. మీకు ఎట్టా రుణం తీర్చుకోవాలో తెలీట్లేదండీ."

ఆరోగ్యం కూర్చోలేదు. "అది చెప్పడానికి రాలేదమ్మా."

నల్లద్దాలు పెట్టుకుని కల్యాణి లోపలి గది గడప మీదికి వచ్చి నిలబడింది. టీ గ్లాసు అందుకోకుండా అతను జరిగింది జరిగినట్టు చెప్పాడు. గోడౌన్ పిండి సంగతి, గ్లాసులో బుడగ సంగతి, చచ్చిన చీమల సంగతి. ముందు తూర్పు గోల్ ఎందుకు తవ్వాడో చెప్పాడు. జీపు వచ్చాక పరిశీలకుడికి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాడు. తన కన్ను గురించి మాత్రం ఎత్తలేదు. ఎత్తితే క్షమాపణ అడుగుతున్నట్టు ఉంటుందనుకున్నాడేమో.

భారతి చేతిలో టీ గ్లాసు అలాగే ఉంది. బయట ఒక లారీ హారన్ కొట్టి కొట్టి ఆగింది.

"మా గోల్ కూడా చేయాలంటే ఎంతసేపు పట్టేదండీ?" అని అడిగింది కల్యాణి.

పని విషయంలో అబద్ధం చెప్పడం ఆరోగ్యానికి చేతకాదు.

"అరగంట," అన్నాడు.

"ఆటకి ముందు రెండు గంటలుంది గదా."

"ఉంది."

ఆ అమ్మాయి గోడ పట్టుకుని లోపలికి వెళ్లింది. మంచం మీద కూర్చున్న చప్పుడు వినిపించింది. భారతి టీ గ్లాసును కిటికీలో పెట్టింది. చీర చెంగుకు చేతులు తుడుచుకుంది.

"మంగళవారం మళ్లీ చూస్తామన్నారు," అంది. "మీరు రావద్దు."

ఆరోగ్యం తల ఊపి చెప్పులు వేసుకున్నాడు. సందు దాటి రోడ్డెక్కాక, బస్సు వచ్చినా ఎక్కలేదు. ఆగిరిపల్లి వైపు నడవడం మొదలుపెట్టాడు. తోటల దగ్గర గంగరాజు మోటారు సైకిలు మీద ఎదురొచ్చి ఎక్కమంటే, ఎక్కలేదు.